అహాబు పగ: క్రైస్తవధర్మ తిరస్కారము

హెర్మన్ మెల్విల్ 1851లో ప్రకటించిన ‘మోబీ డిక్’ నవలయందు కెప్టెన్ అహాబు తన కాలిని హరించిన తెల్లని తిమింగిలముపై పగబూని, ‘పీక్వాడ్’ ఓడను, అందలి నావికులను పణముగా నొడ్డినాడు. ఈ పగను ఉన్మాదమని త్రోసివేయుట సులభము. అది తెలిసి చేసిన ధర్మతిరస్కారమని మా యభిప్రాయము.

అహాబు నాన్టకెట్ దీవివాడు. హింసను నిరసించు క్వేకరు సంప్రదాయమున పెరిగినవాడు. బయలు దేవతను కొలిచిన ఇశ్రాయేలు రాజు పేరే ఇతని పేరు. నోరులేని జంతువు సహజప్రవృత్తిచే కొట్టినదానికి పగతీర్చుకొనుట దైవదూషణమని స్టార్బక్ వారించును. దృశ్యవస్తువులన్నియు ముసుగులనియు, వాని వెనుక బుద్ధిపూర్వకమైన ద్వేషము గలదనియు అహాబు ప్రత్యుత్తరము. ఇట్లు తలచువానికి క్షమ దాస్యముగా దోచుట సహజము.

113వ అధ్యాయమున అతడు క్వీక్వెగ్, టాష్టెగో, డాగ్గూ అను మువ్వురి రక్తముతో బల్లెమునకు పదనుపెట్టి, తండ్రి పేర గాక సైతాను పేర, లాటిను భాషలో, బాప్తిస్మమిచ్చినాడు. విశ్వాసమే లేనివానికి సంస్కారముతో పనియేమి? అహాబు మతమును మరచినవాడు కాడు. దాని రూపమును నిలిపి అర్థమును తలక్రిందులు చేసినవాడు.

ఐనను ఈ తిరస్కారము పరాకాష్ఠ నందినది కర్మకాండయందు గాదు, 128వ అధ్యాయమున. ‘రాహేలు’ ఓడ నాయకుడు గార్డినరు, సముద్రమున తప్పిపోయిన పండ్రెండేండ్ల కుమారుని వెదకుటకు నలువదియెనిమిది గంటలు తోడ్పడుమని వేడుకొనును. తనకు కోరినదే పరునకు చేయవలెనను సువార్తానియమమును గుర్తుచేయును. అహాబు నిరాకరించును. కాని గార్డినరునకు దైవాశీస్సు కోరి, తన్ను తాను క్షమించుకొనగలుగుదునుగాక యనుచునే నిరాకరించును. 132వ అధ్యాయమున అతని కన్నీటిబొట్టు సముద్రమున రాలును. దయ యెట్టిదో తెలియనివాడైనచో అతడు రాక్షసుడే యగును. తెలిసియు విడిచినవాడు గావుననే విషాదనాయకుడైనాడు.

భాగవతము నెరిగిన మనకు శిశుపాలాదుల వైరభక్తి స్ఫురింపవచ్చును. పోలిక కొంతవరకే. అచట వైరము నిరంతరస్మరణమై ముక్తి నిచ్చును. ఇచట తాను విసరిన బల్లెపు త్రాడే మెడకు చుట్టుకొని అహాబును సముద్రమున ముంచును.

దీనిచే మెల్విల్ మతసంస్థకు వకాల్తా పుచ్చుకొనెనని తలపరాదు. భక్తుడైన బిల్దాదు పిసినారి. విగ్రహారాధకుడైన క్వీక్వెగ్ తన్ను వెక్కిరించినవానినే నీటదూకి రక్షించినాడు. అహాబు త్రోసివేసినది సంఘమును మాత్రమే గాదు, పరుని బిడ్డపై జాలిని. క్వీక్వెగ్ శవపేటికపై తేలిన ఇష్మాయేలును కాపాడినది, బిడ్డలకై ఇంకను వెదకుచున్న ఆ ‘రాహేలు’ ఓడయే యగుట ఈ నిర్ణయమును బలపరచుచున్నది.