శింశుపావృక్షము క్రింద

పర్ణశాలకు వచ్చు యాత్రికులకు మా దుమ్ముగూడెము మండలమువారు వాగు ఒడ్డున రాతిమీది చారలను చూపి, అవి సీతమ్మ నారచీరలు ఆరవేసిన గుర్తులని చెప్పుదురు. రావణుడు ఆమెను ఎత్తుకొనిపోయినది ఇచ్చటినుండియే యని స్థలపురాణము. కనుక స్త్రీల చెరను గూర్చిన కథ యనగానే మావారి మనస్సు సముద్రము దాటి అశోకవనమునకు పోవుట సహజము. చిరకాలము బడిపిల్లలచేత ఏకాంకికలు ఆడించిన నాకు వేరొక విచారము కలిగినది. మనుమరాలి సెల్లుఫోనులో 'ఆరెంజ్ ఈజ్ ద న్యూ బ్లాక్' అను అమెరికా సీరియల్ చూచుచు, ఎవ్వరును ఎచ్చటికిని పోలేని చోట నాటకము నడచుట ఎట్లని ఆలోచింపసాగితిని.

పైపర్ కర్మన్ అను ఆమె తాను పదమూడు నెలలు అనుభవించిన శిక్షను గూర్చి 2010లో ప్రకటించిన పుస్తకము దీనికి మూలము. జెంజి కోహన్ దానిని సీరియల్‌గా మలచగా, 2013 మొదలు 2019 వరకు ఏడు సీజన్లు నెట్‌ఫ్లిక్స్‌లో వెలువడినవి. జైలులో వర్తమానము కదలదు: లెక్కింపు, భోజనము, మరల లెక్కింపు. అందుచేత రచయితలు ఒక్కొక్క భాగమున ఒక్కొక్క ఖైదీ పూర్వకథలోనికి దుమికి, ఆమె ఎవరి కూతురో, ఏ వీధిలో తిరిగినదో, ఏ క్షణమున కాలుజారినదో చూపి, మరల ఆమెను ఆ నాలుగు గోడలమధ్యకే తెచ్చి నిలుపుదురు. ఈ ఉపాయము మనకు క్రొత్తది కాదు. శింశుపావృక్షముమీద కూర్చున్న హనుమంతుడు సీతకు కనబడుటకు ముందు చేసిన పని దశరథుని మొదలుకొని రామకథ వినిపించుటయే. ఆమె తిరిగి ఆనవాలుగా చెప్పి పంపినది కాకాసురుని పాతకథయే. గడువు రెండు మాసములే మిగిలియున్న బందీకి గతము తప్ప ఇచ్చిపుచ్చుకొనుటకు ఇంకేమున్నది?

అయిదవ సీజను మొత్తము మూడు రోజుల తిరుగుబాటుతో నింపినారు. నాకది రుచింపలేదు, అరపులు పెరిగినకొలది మనుష్యులు చిన్నవారైరి. కావలివారి విషయమున వాల్మీకి చేయి మరింత నేర్పు గలది. చంపి తినెదమని బెదరించిన వికట, దుర్ముఖి మొదలగువారి నడుమనే త్రిజటను నిలిపి, ఆమె స్వప్నముచేత ఆ గుంపునంతటిని భయపెట్టినాడు. రావణవధానంతరము, వీరిని చంపుటకు సెలవిమ్మని హనుమంతుడు వేడినప్పుడు, వీరు రాజాజ్ఞకు లోబడిన దాసీలు, వీరిమీద కోపమేల యని సీత వారించినది. జైలునుండి వెలువడిన స్త్రీ జైలువారినిగూర్చి చెప్పిన ఇంతటి తీర్పు నేను మరియొక చోట వినలేదు.

సీరియల్‌లో పైపర్ అను మధ్యతరగతి శ్వేతజాతి యువతిని ముందు నిలిపినది, ఆమె వెనుక నల్లజాతి, లాటినో, వృద్ధ స్త్రీల కథలను లోనికి తెచ్చుటకేనని కోహన్ స్వయముగా ఒప్పుకొన్నది. చదువుకొన్న ఖైదీ కన్నే మనకు కిటికీ. ఆ కన్ను ఎప్పుడు ప్రక్కకు తొలగవలెనో తెలియుటలోనే రచయిత నేర్పున్నది. అట్టి కన్ను మనవారిలోను కలదు. 1909లో రాజమండ్రిలో జన్మించిన దుర్గాబాయి దేశముఖ్ ఉప్పు సత్యాగ్రహములో చెరకు పోయి, పిదప మదురై జైలులో ఏకాంతవాసము అనుభవించినది. తనకంటె తనతోడి స్త్రీలనే ఎక్కువగా చూచినది. న్యాయమేమో తెలియక శిక్ష మోయుచున్న వారిని చూచి, తరువాత న్యాయశాస్త్రము చదివి మద్రాసులో న్యాయవాదియైనది.

ఇట్టి స్త్రీలకు బిడ్డలును కలరు. చెరసాలలో తల్లితోపాటు పెరుగు ఆ బిడ్డలమాట సుప్రీంకోర్టు 2006 ఏప్రిల్ 13న తేల్చినది. ఆ వ్యాజ్యము పేరు ఆర్.డి. ఉపాధ్యాయ్ వర్సెస్ స్టేట్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్. బిడ్డను ఆరేండ్లవరకు తల్లియొద్ద ఉంచవచ్చుననియు, జననపత్రములో జైలు పేరు వ్రాయక ఆ ప్రాంతము పేరే వ్రాయవలెననియు అందున్నది. సీరియల్ వ్రాయువారికి ఆ ఒక్క వాక్యములోనే ఒక సీజనుకు చాలినంత కథ కలదు.

మన తెలుగున ఇట్టి సీరియల్ తలపెట్టు రచయితలకు నా మనవి యొక్కటే. నగరమునుండి వచ్చి చెరలో పడిన చదువరి కన్యతో ఆరంభింపకుడు. మా వైపున ఇంట కోయభాష తప్ప మరొకటి ఆడని తల్లి, కోర్టులో తనను గూర్చి తెలుగున చదువుచున్న కాగితము వినుచు నిలుచున్న దృశ్యముతో ఆరంభింపుడు. ఆమె పూర్వకథ వ్రాయుటకు మాత్రము హైదరాబాదులో కూర్చుండక, కోయ తెలిసినవారిని వెంటబెట్టుకొని గోదావరి దాటి ఇటు రండు.