లేజరు ఆపి మళ్లీ కొలవండి

భౌతికశాస్త్రం గురించి పత్రికల్లో వచ్చే వార్తల్లో యంత్రం ఎంత పెద్దదో, ఎన్ని కోట్లు ఖర్చయ్యాయో ముందు రాస్తారు. నాకు మాత్రం ఆ యంత్రం పక్కన కూర్చున్నవాళ్లు రాత్రంతా ఏం చేస్తారన్నదే ఆసక్తి. అలా చూస్తే నాకు బాగా ఇష్టమైనవి పారిస్‌కు నైరుతిగా ఉన్న ఓర్సేలో 1980ల తొలినాళ్లలో ఫ్రాన్సువా వుయొమియే బృందం చేసిన ప్రయోగాలు.

అక్కడ ఆకో అనే ఎలక్ట్రాన్ వలయం ఉండేది. చుట్టుకొలత 22 మీటర్లే. దాదాపు కాంతివేగంతో పరిగెత్తే ఎలక్ట్రాన్లు అయస్కాంతాల దగ్గర వంపు తిరిగినప్పుడల్లా అతినీలలోహితం నుంచి మెత్తటి ఎక్స్‌రేల దాకా వెలుగు విరజిమ్ముతాయి. అదే సింక్రోట్రాన్ కాంతి. దాన్ని పరమాణువు మీద పడేస్తే లోపలి ఎలక్ట్రాన్ ఊడి బయటికొస్తుంది. వచ్చిన ఎలక్ట్రాన్ శక్తిని కొలిస్తే, అది లోపల ఎంత గట్టిగా అతుక్కుని ఉండేదో తెలుస్తుంది. ఇది ఐన్‌స్టీన్ 1905లో చెప్పిన లెక్కే.

చిక్కేమిటంటే, అప్పటిదాకా ఇలా కొలిచినవి దాదాపు అన్నీ స్థిమితంగా కూర్చున్న పరమాణువులు. నక్షత్రాల్లోనూ మంటల్లోనూ ఉండేవి అన్నీ అలా ఉండవు. కొన్ని ఉత్తేజితమై ఉంటాయి. సోడియం తీసుకుంటే, పై మెట్టెక్కిన పరమాణువు అక్కడ నిలిచేది సగటున 16 నానోసెకన్లే. ఆకోలో ఎలక్ట్రాన్ ఒక్క చుట్టు తిరగడానికే సుమారు 73 నానోసెకన్లు పడుతుంది. ఇంత అల్పాయుష్షు ఉన్నదాన్ని నిలబెట్టి కొలిచేదెలా?

నిలబెట్టరు. పడినప్పుడల్లా లేపుతూనే ఉంటారు. పొయ్యిలోంచి వచ్చే సోడియం ఆవిరి ధార మీద రంగు ద్రావణంతో పనిచేసే లేజరును ఎడతెగకుండా వేస్తారు. దాని తరంగదైర్ఘ్యం 589 నానోమీటర్లు. డిగ్రీ ల్యాబుల్లో మన పిల్లలు గ్రేటింగుతో కొలిచే జంట పసుపు గీతలు ఉండేది అక్కడే. లేజరు తరంగదైర్ఘ్యం రవ్వంత పక్కకు జరిగినా పని చెడుతుంది. సోడియం అడుగు మెట్టు నిజానికి 1772 మెగాహెర్ట్జ్ ఎడంతో రెండుగా చీలి ఉంటుంది. పడేటప్పుడు రెండో చీలికలోకి జారిన పరమాణువు ఇక లేజరు మాట వినదు.

ఈ పసుపు ఫోటాన్ శక్తి 2.1 ఎలక్ట్రాన్ వోల్టులు. సోడియం నుంచి పై ఎలక్ట్రాన్‌ను ఊడబెరకాలంటే 5.14 కావాలి. కాబట్టి లేజరు ఎలక్ట్రాన్‌ను ఎత్తి పట్టుకుంటుందే తప్ప పీకలేదు. పీకే పని సింక్రోట్రాన్‌ది. సుమారు 38 ఎలక్ట్రాన్ వోల్టుల లోతున ఉన్న లోపలి ఎలక్ట్రాన్‌ను అది లాగేస్తుంది. ఆ కుదుపుకు, లేజరు ఎత్తిపెట్టిన పై ఎలక్ట్రాన్ ఒక్కోసారి ఇంకో మెట్టు పైకి ఎగురుతుంది. ముట్టుకున్నది లోపలిదాన్ని, చలించినది బయటిది. ఎలక్ట్రాన్లు దేనికవి విడిగా బతకవన్న సంగతి ఇంత సూటిగా చూపించే ప్రయోగాలు అరుదు.

అయితే నన్ను కట్టిపడేసింది ఈ ఫలితం కంటే దాన్ని రాబట్టిన తీరు. ముందు రెండు కాంతులూ వేసి కొలవాలి. తర్వాత లేజరు ఆపి మళ్లీ కొలవాలి. ఎలక్ట్రాన్ల శక్తి గ్రాఫులో ఉత్తేజం కాని పరమాణువుల శిఖరం లేజరు ఉన్నప్పుడు ఎంత తగ్గిందో చూస్తేనే ఎన్ని పైకెక్కాయో తెలిసేది. మూడోసారి సింక్రోట్రాన్ ఆపి లేజరుతోనే కొలవాలి, ఎందుకంటే ఉత్తేజిత పరమాణువులు ఒకదాన్నొకటి గుద్దుకుని వాటంతట అవే ఎలక్ట్రాన్లను విడుదల చేస్తాయి. చిక్కటి సోడియం ఆవిరిని ఒక్క లేజరుతోనే దాదాపు పూర్తిగా అయనీకరించవచ్చని అమెరికాలో లుకటోర్టో, మెక్‌ఇల్‌రాత్ 1976లోనే చూపించారు. మిర్చి యార్డులో బస్తా తూచి గోనె బరువు తీసేస్తారు చూడండి, అదే లెక్క. కాకపోతే ఇక్కడ గోనె ఒక్కోసారి మిర్చి కంటే బరువు తూగుతుంది.

నేను పాఠాలు చెప్పే రోజుల్లో గైగర్ కౌంటర్ ప్రయోగంలో బ్యాక్‌గ్రౌండ్ గడి ఖాళీగా ఉన్న రికార్డును సంతకం పెట్టకుండా తిప్పి పంపేవాణ్ణి. పిల్లలు సణిగేవారు. ఏమీ లేనిచోట కొలవడం వాళ్లకు దండగ పనిలా అనిపించేది. నా ఉద్దేశంలో ప్రయోగవిద్యలో సగం అదే.

1981 నోబెల్ భౌతిక బహుమతిలో సగం ఎలక్ట్రాన్ల శక్తిని కొలిచే విద్యకుగాను సీగ్బాన్‌కు, మిగతా సగం లేజర్ వర్ణపటశాస్త్రానికిగాను బ్లూంబర్గెన్, షాలోలకు వెళ్లింది. సరిగ్గా ఆ కాలంలోనే ఓర్సేలో ఆ రెండు విద్యలూ ఒకే గదిలో కలిశాయి. మన దేశంలోనూ లేజర్లు, సింక్రోట్రాన్ ఒకే ప్రాంగణంలో ఉన్నచోటు ఉంది. అది ఇండోర్‌లోని రాజా రామన్న కేంద్రం. ఇండస్-1 అక్కడ 1999 నుంచి ఉంది.

ఆకోను 1988లో ఆపేశారు గానీ విప్పి పారేయలేదు, ఉన్నదున్నట్టుగా మ్యూజియం చేశారు. పారిస్‌లో చదువుకుంటున్న మన పిల్లలెవరైనా ఇది చదువుతుంటే, ఈఫిల్ టవర్ చూడటం అయ్యాక ఆర్‌ఈఆర్ బి రైలెక్కి ఓర్సే వెళ్లండి. ముందుగా కనుక్కుని మరీ వెళ్లండి.