పడవ సందుకు తగిన సీలెంట్

కొయ్య పడవ నీళ్లలో ఉన్నంతకాలం పలకలు తడిసి, ఉబ్బి, ఒకదాన్నొకటి ఒత్తుకుని ఉంటాయి. ఒడ్డుకెక్కి ఎండితే ముడుచుకుంటాయి, మధ్య సందులు విచ్చుకుంటాయి. సీలెంట్ ఎంచుకునేటప్పుడు మొదట లెక్కలోకి తీసుకోవలసింది ఈ కదలికనే. ఎంత గట్టిగా అంటుకుంటుందన్నది ఆ తరవాతి మాట.

తూర్పు తీరంలో మరపడవల వేటకు ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు నిషేధం. మరమ్మతులకు అదే అదను. అయితే అవి మండువేసవి రోజులు కాబట్టి సందు అప్పుడు అసలు కన్నా వెడల్పుగా కనిపిస్తుంది. దాన్ని ఎపాక్సీ లాంటి రాయిగా బిగిసే ముద్దతో నింపేస్తే, పడవ నీళ్లలో దిగాక ఉబ్బే పలకకు చోటుండదు. అంచులు నలుగుతాయి, మేకుల పట్టు సడలుతుంది. చేతికందింది కదా అని ఎం-సీల్ లాంటి ఎపాక్సీ ముద్దను కూరడం ఇందుకే కూడదు.

పాత పద్ధతిలో దూదినో కొబ్బరి పీచునో పేని, మొద్దు ఉలితో సందులోకి దిగగొట్టి, గుగ్గిలం నూనెలో కాచిన ముద్దను పైన పూస్తారు. దూది వదులైతే నీరు దిగుతుంది. మరీ దట్టించి కొడితే అదే ఉబ్బి పలకను పక్కకు నెడుతుంది. గుగ్గిలం ఎక్కువైన ముద్ద పెళుసెక్కి చిట్లుతుంది, నూనె ఎక్కువైతే ఎండకు జారుతుంది. ఈ హెచ్చుతగ్గులు చూసుకోవడంలోనే పనివాడి నేర్పంతా ఉంది. ఈ ముద్దకున్న పెద్ద గుణం, అవసరమైనప్పుడు పలకకు దెబ్బ తగలకుండా గీకి తీసి మళ్లీ వేయగలగడం. కొత్త సీలెంట్లను కూడా ఈ గుణంతోనే తూచడం మంచిది.

ఆ లెక్కన కొయ్య సందులకు పాలీసల్ఫైడ్ దగ్గరగా వస్తుంది. అది రబ్బరులా సాగుతుంది, డీజిల్‌కు తట్టుకుంటుంది, ఎండాక సానపట్టవచ్చు. టేకులో సహజంగా నూనె ఉంటుంది కనుక ముందు తుడిచి ప్రైమర్ పూయాలి. అక్రిలిక్, పాలీకార్బొనేట్ వంటి ప్లాస్టిక్కులను మాత్రం పాలీసల్ఫైడ్ దెబ్బతీస్తుంది. పాలీయురెథేన్ పట్టు మహా గట్టిది. నీటి మట్టానికి దిగువన, మళ్లీ విప్పే పని లేని అతుకులకు అది సరిపోతుంది. విప్పవలసిన బిగింపుల కింద వేస్తే తీసేటప్పుడు కొయ్య పొర కూడా ఊడివస్తుంది. సిలికాన్‌ను అద్దాల చుట్టూ, ప్లాస్టిక్ అమరికల దగ్గరే ఉంచాలి. అది తాకిన చోట తరవాత రంగు పట్టదు.

ఫైబర్ పడవ సంగతి వేరు. గుల్ల పగిలిందంటే అది సీలెంట్ పని కాదు. దెబ్బతిన్న భాగాన్ని అరగదీసి, గాజునార పొరలు రెజిన్‌తో వేసి కట్టాలి.

ఏది వాడినా ఉప్పును మంచినీటితో కడిగి, నూనె జిడ్డు తీసి, పూర్తిగా ఆరనివ్వాలి. మిగిలిన ఉప్పు తేమను లాగి పట్టును చెడగొడుతుంది. పాలీయురెథేన్ గాలిలోని తేమతోనే గట్టిపడుతుంది. పైన పొర కట్టినా లోపల పచ్చిగానే ఉండవచ్చు. కొన్ని రకాలకు వారం దాకా పడుతుంది, ఆ వ్యవధి గొట్టం మీదే రాసి ఉంటుంది.

నీళ్లలోకి దింపాక మొదట్లో కొయ్య పడవ కొంత ఊరడం సహజం. పలకలు ఉబ్బేదాకా లోతు తక్కువ నీటిలో కట్టి, నీరు తోడుతూ గమనించాలి. అప్పటికీ ఊట ఆగని సందునే మళ్లీ తెరవాలి.