పుస్తకం మూసి రాయండి

ఓపెన్ డిగ్రీ చదివేవాళ్లకు ఆదివారం పాఠాలు చెప్పేటప్పుడు వాళ్ల పుస్తకాలు తిరగేయడం నాకు అలవాటు. పేజీల నిండా అండర్‌లైన్లు ఉంటాయి. పాఠం మధ్యలో ప్రశ్న వేసి, జవాబు రాసుకోమని కింద ఖాళీగా వదిలిన గీతల మీద మాత్రం పెన్ను పెట్టిన జాడే ఉండదు. "అవి పరీక్షలో రావు కదా మేడం" అంటారు.

నా దృష్టిలో దూరవిద్యకు ప్రాణం ఆ గీతలే. 1982లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం పుట్టింది. ఉద్యోగాలు, ఇంటి బాధ్యతలతో కాలేజీ మెట్లెక్కలేనివాళ్ల కోసం వచ్చిన చదువు అది. తరగతిలోనైతే మాస్టారు పాఠం ఆపి, "ఏదీ, నువ్వు చెప్పు" అని లేపుతారు. ఇంట్లో ఒంటరిగా చదివేవాళ్లను లేపేదెవరు? అందుకే ప్రశ్నను పాఠం మధ్యలోనే ఉంచి, జవాబును యూనిట్ చివరికి పంపారు.

మందుల షాపులో పనిచేసే ఒకాయన రాజ్యాంగంలోని ఆదేశిక సూత్రాల పాఠం మూడుసార్లు చదివానన్నారు. పుస్తకం మూయించి, ప్రాథమిక హక్కులతో తేడా రాయమన్నాను. రెండు వాక్యాలు గబగబా సాగాయి. "కోర్టు" అనే మాట దగ్గర పెన్ను ఆగింది. దేనికోసం కోర్టుకెళ్లొచ్చు, దేనికోసం వెళ్లలేం? ఆ ఒక్క ముక్క పుస్తకంలో వెతికి చూసుకున్నారు. హక్కులకు భంగం కలిగితే కోర్టుకెళ్లొచ్చనీ, ఆదేశిక సూత్రాలను అమలు చేయమని కోర్టు ద్వారా పట్టుబట్టలేమనీ తన మాటల్లో రాశారు. మూడుసార్లు చదివినా పట్టుబడని లోటు అలా బయటపడింది.

రోడిగర్, కార్పికే అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ప్రచురించిన ప్రయోగంలో మూసి రాయడానికి ఇంకో లాభం తేలింది. పాఠాన్ని మళ్లీ చదివినవాళ్లు ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. వారం తర్వాత చూస్తే, చూడకుండా గుర్తుచేసుకుని రాసినవాళ్లే ముందున్నారు. మన పరీక్షలు నెలల తర్వాత కదా!

షాపు కట్టేసి రాత్రి పదింటికి ఇల్లు చేరే మనిషికి అరగంట దొరకడమే గొప్ప. అందులో సగం చదవడానికి, సగం మూసి రాయడానికి పెట్టండి. ఫోన్లో పీడీఎఫ్ చదివేవాళ్లు పక్కనో నోటుబుక్కు ఉంచుకోండి. ఎడమ పేజీలో ప్రశ్న, కుడి పేజీలో మీ జవాబు. తప్పిన చోట ఎర్ర సిరాతో దిద్దుకోండి. పరీక్ష దగ్గర పడ్డాక ముందుగా తీయాల్సింది ఆ ఎరుపెక్కిన పేజీలే.