టామీ, తోమాసు, సరమ: కుక్క పేర్ల మీద ఒక విమర్శ

మా పల్లెలో తోమాసు అన్న పేరున్నవాళ్ళు ముగ్గురున్నారు. ఊళ్ళో పెద్ద ఆసామి ఇంటి కుక్క పేరు టామీ. ఈ రెండూ ఒకటే పేరని మాకు చాలాకాలం తెలీదు. తోమాసును ఇంగ్లీషువాళ్ళు ముద్దుగా పిలుచుకుంటే టామీ అవుతుంది. మన బైబిల్లో యాకోబు వాళ్ళ భాషలో జేమ్స్. జేమ్స్‌ను ముద్దు చేస్తే జిమ్మీ. మాలో ఒకతను పై చదువుకి పట్నం పోయి హాస్టల్లో చేరినప్పుడు గాని ఈ సంగతి బయటపడలేదు. అటెండెన్సులో 'థామస్' అని పిలవగానే వెనక బెంచీ నుంచి ఈల వేసి 'టామీ, దా దా' అన్నారు. క్లాసంతా నవ్వింది. అతను ఆ ఏడాదంతా పేరు పిలిచినప్పుడు చెయ్యి ఎత్తాడే గాని నోరు తెరవలేదు.

కుక్క పేర్ల మీద వ్యాసమేమిటి, దళిత సమస్యలన్నీ అయిపోయినయ్యా అని నవ్వేవాళ్ళుంటారు. భూమి గురించి, రిజర్వేషన్ల గురించి, కారంచేడు గురించి రాయాల్సిన చోట టామీ గురించి రాయడమేమిటని మన కార్యకర్తలే అడగొచ్చు. మేము అడిగేది ఒక్కటే. పేరు పెట్టే హక్కు ఎవరిది, పేరు విరిచే హక్కు ఎవరిది? ఈ ప్రశ్నకు ఆసామి దొడ్లో దొరికినంత తేటగా జవాబు ఇంకెక్కడా దొరకదు.

ఆ యింట్లో పాలేరు పేరు యాకోబు. చర్చి రిజిస్టర్లో యాకోబు, పల్లెలో ఏకోబు, ఆసామి నోట్లో 'ఒరే ఏకోబుగా'. టామీని మాత్రం ఎవరూ విరవలేదు. ఆ యింటి పిల్లలు పాలేరుకు ఒక నియమం కూడా పెట్టారు. దాన్ని 'అది' అనకూడదు, 'కుక్క' అనకూడదు, టామీ అని పేరు పెట్టి పిలవాలి. యాభై ఏళ్ళు దాటిన మనిషిని పదేళ్ళ పిల్లలు 'ఒరే' అంటారు. అదే మనిషి వాళ్ళ కుక్కను మర్యాదగా పిలవాలి. టామీకి పాలన్నం గిన్నె వేరే ఉంది. యాకోబు గ్లాసు చూరులో దోపి ఉంది. ఇది కుక్క తప్పు కాదు. ఆ సంగతి చివర్లో మళ్ళీ చెబుతాం.

పేర్లకు కులం ఉందన్నది మేము కొత్తగా కనిపెట్టిన మాట కాదు. మనుస్మృతి రెండో అధ్యాయంలో నామకరణం గురించి రాసి ఉంది. బ్రాహ్మణుడి పేరు మంగళకరంగా ఉండాలి, క్షత్రియుడి పేరులో బలం, వైశ్యుడి పేరులో ధనం ఉండాలి, శూద్రుడి పేరు రోత పుట్టించాలి. పదో అధ్యాయంలో చండాలుడు ఊరి బయట ఉండాలనీ, కుక్కలూ గాడిదలే అతని ఆస్తి అనీ రాశారు. అతనితోపాటు చెప్పిన ఇంకో జాతికి శ్వపచులని పేరు. కుక్కను వండుకునేవాడని దాని అర్థం. రోత పేరు పెట్టమన్నదీ, కుక్కను చేతికిచ్చిందీ, ఆ కుక్కతోనే మనిషికి పేరు పెట్టిందీ ఒకే పుస్తకం. మరి అదే సంప్రదాయం తన కుక్కల్ని ఎలా చూసుకుంది? ఇక్కడ మన సాహిత్య విమర్శ కళ్ళు మూసుకుని నడిచింది.

నన్నయ భారతం ఆదిపర్వంలో కథ మొదలయ్యే చోటే ఒక కుక్క ఉంది. జనమేజయుడి యజ్ఞం దగ్గర ఆడుకుంటున్న కుక్కపిల్లను రాజు తమ్ముళ్ళు కొట్టారు. అది ఏడుస్తూ తల్లి దగ్గరికి పోయింది. తల్లి పేరు సరమ. ఆమె రాజు దగ్గరికి వెళ్ళి, ఏ తప్పూ చేయని నా కొడుకును ఎందుకు కొట్టారని నిలదీసింది. తగినదేదో తగనిదేదో చూడకుండా పేదవాళ్ళకు కీడు చేసేవాళ్ళకు అనుకోని భయాలు వచ్చి పడతాయని హెచ్చరించి పోయింది. ఆ పద్యం మాకు కంఠస్థం చేయించారు. అందులో నన్నయ సూక్తి గొప్పతనం ఏమిటో చెప్పారు, ఛందస్సు చెప్పారు. ఆ మాట అన్నది ఒక తల్లి కుక్క అనీ, అన్నది రాజుతోననీ మాత్రం జారవిడిచారు. తర్వాత ఏమైందో కూడా చూడాలి. జనమేజయుడు తమ్ముళ్ళను దండించలేదు. ఆ భయం పోగొట్టే పురోహితుణ్ణి వెతుక్కున్నాడు. న్యాయం అడిగితే శాంతి జరిపించారన్నమాట. ఇది ఈనాటి ఊళ్ళో పంచాయితీకి ఎంత దగ్గరగా ఉందో కార్యకర్తలకు వేరే చెప్పాలా?

ఇంకో సంగతి. సరమ కొడుకు కాబట్టి సారమేయుడు. ఆ మాటే నిఘంటువుల్లో కుక్కకు పర్యాయపదమైంది. తండ్రి గోత్రంతో మనుషుల్ని లెక్కగట్టిన సంప్రదాయంలో కుక్కజాతి మొత్తానికి తల్లి పేరు మిగిలింది. అదే భారతంలో మిగతా కుక్కలకు పేర్లు లేవు. ఏకలవ్యుణ్ణి చూసి మొరిగిన పాండవుల వేటకుక్కకు పేరు లేదు. నల్లగా, మాసిన ఒంటితో, జింక చర్మం కట్టుకున్న నిషాదుణ్ణి చూసి అది మొరిగింది. ఎవర్ని చూసి మొరగాలో కుక్కకు పుట్టుకతో తెలీదు, పెంచిన ఇల్లు నేర్పుతుంది. ధర్మరాజు వెంట చివరిదాకా నడిచిన కుక్కకూ పేరు లేదు. అది యమధర్మరాజని తేలింది గనక ఇక కుక్క పేరుతో పనిలేకపోయింది.

ఈ పద్ధతి కాశీ కథలో ఇంకా బాగా కనిపిస్తుంది. శంకరాచార్యులకు నాలుగు కుక్కలతో చండాలుడు ఎదురొస్తాడు. తప్పుకోమంటే, తప్పుకోవాల్సింది దేహమా ఆత్మా అని అడుగుతాడు. మనీషా పంచకం అప్పుడే పుట్టిందంటారు. కథ చివరికి చండాలుడు శివుడైపోతాడు, నాలుగు కుక్కలు నాలుగు వేదాలైపోతాయి. కుక్కలకు ఋక్కు, యజుస్సు, సామం, అధర్వం అని పేర్లు వచ్చాయి. అంతకుముందు ఆ మనిషి వాటిని ఏమని పిలిచేవాడు? అతని పేరేమిటి? అంత పెద్ద ప్రశ్న వేసినవాణ్ణి దేవుణ్ణి చేసేస్తే, ప్రశ్న వేసింది చండాలుడే అని ఒప్పుకోవాల్సిన పని తప్పిపోతుంది. మా పెద్దలు దీన్ని సమానత్వం కథ అనుకుని చెప్పుకున్నారు. మేము మనిషిని మాయం చేసిన కథగా చదువుతున్నాం.

కుక్క పేరు బ్రాహ్మడి ఇంట్లోనూ ఉంది. ఐతరేయ బ్రాహ్మణంలో అజీగర్తుడి ముగ్గురు కొడుకుల పేర్లు శునఃపుచ్ఛుడు, శునఃశేపుడు, శునోలాంగూలుడు. మూడింటికీ కుక్కతోక అనే అర్థం చెబుతారు. ఆకలికి తాళలేక తండ్రి నడిమివాణ్ణి నూరు ఆవులకు యజ్ఞపశువుగా అమ్మాడు. ఇంకో నూరుకు కట్టేశాడు, మరో నూరుకు కోయడానికి కూడా సిద్ధపడ్డాడు. బతికి బయటపడ్డ పిల్లవాణ్ణి విశ్వామిత్రుడు కొడుకుగా తీసుకున్నాడు. వెంటనే పేరు మారింది, దేవరాతుడయ్యాడు. కుక్కతోక నుంచి దేవుడిచ్చినవాడి దాకా ఒక్క అడుగు. ఆ అడుగు మా యాకోబు ఎన్ని తరాలు నడిచినా ఎందుకు పడలేదు?

తెలుగువాళ్ళం ఈ కథను మరచిపోకూడదు. వాణ్ణి అన్నగా ఒప్పుకోని యాభైమంది కొడుకుల్ని విశ్వామిత్రుడు శపించాడు. వాళ్ళే ఆంధ్రులు, పుండ్రులు, శబరులు, పుళిందులు, మూతిబులు అయ్యారని అందులో ఉంది. మన చరిత్ర పుస్తకాలు ఆంధ్రుల తొలి ప్రస్తావన ఇదేనని గర్వంగా రాస్తాయి. ఆ ప్రస్తావన ఒక శాపమనీ, అందులో ఆంధ్రులు శబరుల పక్కన నిలబడ్డారనీ మాత్రం గొంతు తగ్గించి చెబుతాయి.

బడి పుస్తకంలోకి వచ్చిన కుక్క ఇంకొకటుంది. సుమతీ శతకం దాన్ని బంగారు సింహాసనం ఎక్కించి, దాని పాత గుణం పోదని చెబుతుంది. మేము చదివిన బళ్ళో క్లాసు లీడరుగా పల్లె పిల్లవాడు ఎన్నికైన రోజు ఒక మాస్టారు ఆ పద్యం రాగయుక్తంగా చదివారు. ఎవరి పేరూ ఎత్తలేదు. ఎత్తాల్సిన పనిలేదు. ఉద్యోగంలో చేరాక కూడా అదే పద్యం స్టాఫ్ రూముల్లో వింటున్నాం. నీతి పద్యమే గదా అంటారు. నీతి ఎవరి మీద విసురుతున్నారో చూడకుండా పద్యాన్ని విమర్శించడం కుదరదు.

ఇక మా పల్లె కుక్కల పేర్లు చూద్దాం. నల్లది, ఎర్రోడు, మచ్చలది, కుంటిది. పెంపుడు కుక్కకు పేరు పెట్టడం కూడా రాని మొద్దులని ఊరు నవ్వుతుంది. కాని మా మనుషుల పేర్లు చూడండి. నల్లమ్మ, ఎర్రయ్య. ఒంటి రంగును చూసి ప్రేమగా పిలుచుకునే అలవాటు మనిషికీ కుక్కకీ ఒకటే. పుట్టిన పిల్లలు వరసగా పోతుంటే బిడ్డను పెంటమీద దొర్లించి పెంటయ్య అన్నాం, ఎంగిలాకు మీద వేసి పుల్లయ్య అన్నాం, చావు చూపు పడకుండా. మనువు చెప్పిన రోత పేరూ ఇదీ ఒకటేనని కొందరు పరిశోధకులు తేల్చేస్తారు. ఒకటి కాదు. ఒకటి వాడు మమ్మల్ని అణచడానికి పెట్టమన్నది, రెండోది మా తల్లి మమ్మల్ని బతికించుకోడానికి పెట్టింది. పేరు ఒకటే ఐనా, పెట్టిన చెయ్యి వేరు.

పల్లెకు వెక్కిరించే పేరు పెట్టడమూ తెలుసు. 1984లో కరణాల పదవులు రద్దు కాకముందు సంగతిది. కుప్ప నూర్చే రోజుల్లో ప్రతి ఇంటి ముందూ వాసన చూసుకుంటూ తిరిగే ఒక కుక్కకు మావాళ్ళు కరణం అని పేరు పెట్టారు. సంగతి ఊళ్ళోకి పోయింది. చావడి ముందు పెద్దల్ని నిలబెట్టారు, పేరు మార్చమన్నారు. 'చిత్తం అయ్యా, మార్చేస్తాం' అని వచ్చారు. నిజంగానే మార్చారు. ఆ రోజు నుంచి దాన్ని 'ఆయన' అన్నారు. 'ఆయనొచ్చాడు, కుండ మూత పెట్టండే' అని ముసలమ్మ అంటే పల్లె పల్లంతా నవ్వేది. ఇలాంటి కథలు మన జానపద విజ్ఞాన సంపుటాల్లోకి ఎక్కవు. సామెతలు ఏరుకున్నవాళ్ళు మా నవ్వును ఏరుకోలేదు.

సినిమాల్లో ఈ తేడా ఇప్పుడు తెర మీదికి వచ్చింది. 2022లో వచ్చిన కన్నడ సినిమా '777 చార్లీ'లో నాయకుడి పేరు ధర్మ. కుక్కకు చాప్లిన్ పేరు మీద చార్లీ అని పెట్టుకుంటాడు. ఇద్దరూ మంచుకొండల దాకా పోతారు. ధర్మరాజు కథ అందరికీ గుర్తొస్తుంది. దేశమంతా కన్నీళ్ళు పెట్టుకుంది, పెట్టుకోవాల్సిందే. అంతకు నాలుగేళ్ళ ముందు, 2018లో, మారి సెల్వరాజ్ తమిళంలో 'పరియేరుం పెరుమాళ్' తీశాడు. అందులో కుక్క పేరు కరుప్పి. నల్లది అని అర్థం, అచ్చం మా పల్లె పేరు. దళిత కుర్రవాడు పెంచుకున్న పాపానికి దాన్ని రైలు పట్టాలకు కట్టి చంపుతారు. పల్లె దానికి మనిషికి చేసినట్టు సాగనంపు చేస్తుంది. చార్లీని చంపబోయేది జబ్బు. కరుప్పిని చంపింది కులం. రెండు చావుల్నీ ఒకే కన్నీటితో కొలిచే జంతుప్రేమ మాకు చాలదు.

మా వాళ్ళ మీద కూడా ఒక విమర్శ ఉంది. మన కవిత్వంలో అమ్ముడుపోయినవాణ్ణి దొర కుక్క అంటాం, ఎంగిలి కుక్క అంటాం. 1972లో బొంబాయిలో దళిత్ పాంథర్స్ చిరుతను ఎంచుకున్నారు, బాగుంది. మనకు పులి కావాలి, కుక్క అక్కర్లేదు. నాగరాజ్ మంజులే 'ఫాండ్రీ' సినిమాలో పంది అన్న మాట ఎలా రాయిలా వచ్చి తగులుతుందో చూసి చప్పట్లు కొట్టాం. ఆ రాయే మనం కూడా విసురుతుంటే గుర్తుపట్టలేదు. జాషువా 1941లో 'గబ్బిలం' రాసేటప్పుడు హంసనూ మేఘాన్నీ వదిలి, జనం అపశకునమని తోలేసే జీవిని పిలిచి తన కష్టం చెప్పుకున్నాడు. ఆ ధైర్యం మన తిట్ల దగ్గర మనకు లేకపోయింది.

1927లో మహద్ చెరువు నీళ్ళ కోసం అంబేద్కర్ పోరాడినప్పుడు పశువులు తాగే నీళ్ళు మనుషులకు లేకుండా పోయాయి. 1985లో కారంచేడులో గేదెకు కుడితి పెట్టిన బకెట్టు మాదిగల మంచినీళ్ళ చెరువు దగ్గర గొడవకు మొదలైంది. అంత అవమానం పడ్డవాళ్ళు జంతువుల మీద కోపం పెంచుకున్నా ఆశ్చర్యం లేదు. కాని 1934 ఫిబ్రవరిలో బొంబాయి రాజగృహలో తీసిన ఒక ఫొటో ఉంది. కొడుకు యశ్వంత్, అంబేద్కర్, రమాబాయి, వదిన లక్ష్మీబాయి, అన్న కొడుకు ముకుంద్. వాళ్ళతోపాటు ఆయన ఇష్టపడ్డ కుక్క టోబీ. అదీ ఇంగ్లీషు పేరే, తోబియాకు ముద్దుపేరు. అలాగైతే ఆసామికీ ఆయనకూ తేడా ఏమిటని అడగొచ్చు. ఆ ఫొటోలో టోబీ పక్కన పేరు విరిగిన మనిషి ఎవరూ లేరు. అందరి పేర్లూ పూర్తిగా ఉన్నాయి, కుక్కదీ ఉంది.

మా ఊరి ఆసామి ఇంట్లోనూ ఒక పాత ఫొటో ఉంది. కుర్చీలో ఆయన, కాళ్ళ దగ్గర టామీ. అంచున గొలుసు పట్టుకున్న ఒక చెయ్యీ, సగం భుజమూ. ఆ యింటివాళ్ళను అడిగితే కుక్క పేరు వెంటనే చెప్పారు. చెయ్యి ఎవరిదో ఎవరో పాలేరుగాడిదన్నారు. పల్లెకొచ్చి అడిగితే మా ముసలమ్మ ఆ చేతి మడత చూసి చెప్పింది, యాకోబుదని. ఊళ్ళ మీద పరిశోధనకు పోయే విద్యార్థులు ఇకనుంచి ఈ రెండు పేర్లూ అడగండి. రెండూ పూర్తిగా రాసుకోండి.