దుంగ వెంట నడవని కథ

2021 డిసెంబరులో విడుదలైన 'పుష్ప' చిత్రం శేషాచలం కొండల ఎర్రచందనం దోపిడీని కథావస్తువుగా తీసుకుంది. ఒక కూలీని నాయకుణ్ణి చెయ్యడం, అతని చేత చిత్తూరు మాండలికం మాట్లాడించడం మెచ్చుకోదగినవే. అయితే వస్తువు ఎంత కొత్తదైనా, దృక్పథం ఎవరిదన్న ప్రశ్న మిగిలే ఉంటుంది.

ఈ కూలీ చివరకు ముఠా నాయకుడవుతాడు. ప్రేక్షకుడు ఆ ఎదుగుదలకే చప్పట్లు కొడతాడు. ఒక్కడు పైకి పోయినంత మాత్రాన కూలీల బతుకు మారదు. గొడ్డలి మరొకడి చేతికి వస్తుంది. అధికారుల లంచగొండితనాన్ని చిత్రం దాచలేదు గాని, దాన్ని నాయకుడి చాతుర్యానికి మెట్టుగా వాడుకుంది.

వాస్తవం ఇంత వినోదంగా లేదు. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవిలో పోలీసు కాల్పులకు తమిళనాడు వాసులు 20 మంది బలైపోయారు. ఎర్రచందనం కూలీలు తమపై దాడి చేశారన్నారు పోలీసులు. బూటకపు ఎదురుకాల్పులన్నాయి పౌరహక్కుల సంఘాలు. దుంగలు కొని ఓడ ఎక్కించే వ్యాపారి మాత్రం ఆ శవాల్లో లేడు.

చేవ కట్టడానికి దశాబ్దాలు పట్టే చెట్టు ఇది. 1995 నుంచి దీని అంతర్జాతీయ వ్యాపారంపై నియంత్రణ ఉంది. అయినా కొండమీద అంత కఠినమైన చట్టం రేవు దాకా వచ్చేసరికి ఎందుకు మెత్తబడుతోంది? ఈ ప్రశ్న వెయ్యని కళ, తెలియకుండానే వ్యాపారి పక్షం వహిస్తుంది.

నరికిన మొదలు నుంచి కొన్నవాడి గిడ్డంగి దాకా దుంగ వెంట నడిచే కథ మన రచయితలు రాయవలసి ఉంది.