రెండు రోజుల మద్రాసుకు ఒక సంచి

బాగా సర్దిన సంచిని నేను చేతిపని కిందే లెక్కవేస్తాను. నేతకీ, కుట్టుకీ దొరికే మెప్పు దానికి దొరకదు. పని పూర్తవగానే జిప్పు మూసేస్తారు కాబట్టి లోపలి పనితనం ఎవరి కంటా పడదు. సర్దేటప్పుడు పక్కన కూర్చున్నవాళ్ళకే అది తెలుస్తుంది.

మా మేనత్తది తెనాలి. ఆవిడ చిన్ననాటి స్నేహితురాలు చెన్నైలో, పశ్చిమ మాంబళంలో ఉంటుంది. పొద్దున్నే పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మధ్యాహ్న భోజనం వేళకి సెంట్రల్‌లో దిగొచ్చు. రెండు రాత్రులుండి మూడోనాటి మధ్యాహ్నం అదే బండిలో వెనక్కి రావడం ఆవిడకి అలవాటు. ఈ ప్రయాణానికి అత్తయ్య వాడేది ఒకే ఒక్క కాన్వాసు సంచి. పొడవు 50 సెంటీమీటర్లు, వెడల్పు 30, లోతు 25. రెండో తరగతిలో ఒక మనిషి ఉచితంగా 35 కిలోల సామాను తీసుకెళ్ళొచ్చని రైల్వే నిబంధన. అత్తయ్య సంచి అందులో ఐదో వంతు కూడా తూగదు. అయినా చెన్నైలో ఆవిడకి ఏదీ తక్కువ కాదు, స్నేహితురాలి ఇంట్లో దువ్వెన దగ్గర నుంచి తువ్వాలు దాకా దేన్నీ అడిగి తీసుకోదు.

సర్దడం అల్మారా దగ్గర కాదు, గాలి దగ్గర మొదలవుతుంది. ఎండ తెనాలిలో తక్కువేమీ కాదు. చెన్నై సముద్రపు ఒడ్డున ఉంది కాబట్టి అక్కడి గాలిలో తేమ నిండుగా ఉంటుంది, పట్టిన చెమట ఆరదు. చెమట ఆరితేనే ఒంటికి చల్లదనం. అందుకని ఒంటిమీది తడిని తను పీల్చుకునే బట్ట కావాలి. 65 శాతం తేమ ఉన్న గాలిలో నూలు తన పొడి బరువులో దాదాపు 8.5 శాతం నీటిని పట్టి ఉంచుతుంది, పాలియెస్టర్ పట్టి ఉంచేది 0.4 శాతమే. ఈ అంకెలు అత్తయ్యకి అక్కర్లేదు. బట్టని రెండు వేళ్ళ మధ్య నలిపి చూసి పక్కన పెడుతుంది, లేదా లోపల పెడుతుంది.

లోపలికి వెళ్ళే వాటిలో మొదటిది వెంకటగిరి నూలు చీర. ఒకప్పుడు వెలుగోటి సంస్థానాధీశుల ఆదరణలో పెరిగిన నేత అది. ఊరు నెల్లూరు జిల్లాలో ఉండేది, 2022 నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చింది. మంచి వెంకటగిరి చీరకి 100 కౌంటు నూలు వాడతారు. కౌంటు లెక్క చాలా అందమైనది. 840 గజాల నూలు ఒక చిలప. ఒక పౌను బరువుకి అలాంటి చిలపలు ఎన్ని తూగితే అది అంత కౌంటు. అంటే 100 కౌంటులో అరకిలోకన్నా తక్కువ నూలు 84,000 గజాలు, దాదాపు 77 కిలోమీటర్లు సాగుతుంది. అంత సన్నని పోగుతో నేసిన చీర కాబట్టే మడిస్తే పలకంత పలచగా అణుగుతుంది, కడితే గాలి ఆడుతుంది. రెండోది మంగళగిరి చీర. ఒంటి మీద బుటా ఏదీ లేకుండా, అంచున మాత్రం జరీతో గుడిగోపురాల వరస నడుస్తుంది, దాన్నే నిజాం అంచు అంటారు. వెంకటగిరికంటే కాస్త బరువైనా గుంటమగ్గం మీద బిగువుగా దిగిన గుడ్డ కాబట్టి నలుగుడుకి తట్టుకుంటుంది.

గంజి విషయంలో అత్తయ్య చాలా నిక్కచ్చి. ఊళ్ళో కట్టుకునే చీరకి చిక్కటి గంజి పెడుతుంది, చెన్నై చీరకి పలచటిదే. గంజి ఆరితే పోగు చుట్టూ సన్నని పొరలా గట్టిపడుతుంది, గుడ్డకి నిలకడ వచ్చేది ఆ పొర వల్లే. చిక్కటి గంజి పెట్టిన చీరని మడతబెట్టి పైన బరువు వేస్తే ఆ పొర మడత దగ్గర విరిగి గీత పడుతుంది, విప్పాక కూడా ఆ గీత పోదు. పైగా తేమ తగలగానే గంజి మెత్తబడి చీర ఒంటికి అతుక్కుంటుంది. వార్చిన గంజిలో మూడింతలు నీళ్ళు కలిపి, చీరని ముంచి, నీడన ఆరేసి, ఇంకా కొద్దిగా చెమ్మ ఉండగానే ఇస్త్రీ చేస్తే ఈ రెండు చిక్కులూ ఉండవు.

ఇక మడత. దీనికి ఇద్దరు కావాలి. “ఒరేయ్, ఆ కొస పట్టుకో” అంటే నేను లేస్తాను. ముందు అంచుకి అంచు కలిపి చీర వెడల్పుని సగం చేస్తాం, మళ్ళీ సగం చేస్తాం. 120 సెంటీమీటర్ల పన్నా 30కి వస్తుంది. ఆ తర్వాత పొడవు. ఐదున్నర మీటర్లని నాలుగుసార్లు సగం చేస్తే 34 సెంటీమీటర్లు మిగులుతుంది. మడత మడతకీ అత్తయ్య అరచేత్తో చీరని పోగు వెంట ఒక్కసారి దువ్వుతుంది. పడుగు దారిని తప్పని మడత తనంతట తనే తిన్నగా కూర్చుంటుంది, లోపలి గాలి కూడా పోతుంది. సంచి వెడల్పు 30, చీర వెడల్పు 30. సంచి పొడవులో చీర పోగా 16 సెంటీమీటర్ల సందు మిగులుతుంది. చుట్టిన లంగాలకి ఆ సందు సరిగ్గా సరిపోతుంది. సంచి కొలత చూసి కుదుర్చుకున్న మడత ఇది. ఇంట్లో అల్మారాలో పెట్టేటప్పుడు ఆవిడ మడత వేరు.

ఇంకో సూక్ష్మం ఉంది. ఇలా మడిచాక జరీ అంచులు ఒక్క పక్కకే చేరి, ఆ పక్క ఎత్తవుతుంది. రెండు చీరల్నీ ఒకే వైపు పేరిస్తే దొంతర వాలిపోతుంది. ఒకదాని అంచు కుడికి, రెండోదాని అంచు ఎడమకి తిప్పి పెడితే దొంతర సమంగా ఉంటుంది. ఇది తెలిశాక నేను ఏ బట్టల కొట్లో అడుగుపెట్టినా ముందు బీరువాలో చీరలు పేర్చిన తీరే చూస్తున్నాను.

పట్టుచీర సంగతి వేరే. స్నేహితురాలితో కలిసి కచేరీకో, పెళ్ళి పిలుపుకో వెళ్ళాల్సి వస్తుందని కంచి పట్టు ఒకటి తీసుకెళ్తుంది. అసలైన జరీలో మధ్యన పట్టుపోగు ఉంటుంది, దాని చుట్టూ నలగగొట్టిన వెండి తీగె, ఆ పైన బంగారు పూత. అంటే అది సగం గుడ్డ, సగం లోహం. గుడ్డ మడతకి ఒప్పుకుంటుంది, లోహం ఒకే చోట పదేపదే వంచితే విరుగుతుంది. అందుకని అత్తయ్య ఈ చీరని ఎప్పుడూ పాత గీతల మీద మడవదు, నాలుగు వేళ్ళు జరిపి కొత్త చోట మడుస్తుంది. జరీ లోపలికి ఉండేలా తిప్పి, వంపు వచ్చేచోట నలిగి మెత్తబడిన పాత పంచె ముక్కని చుట్టి పెడుతుంది. వంపు గుండ్రంగా ఉంటే తీగె మీద ఒత్తిడి పడదు. మొత్తాన్ని ఇంకో పాత నూలుగుడ్డలో చుట్టి పక్కన ఉంచుతుంది. నాఫ్తలీన్ ఉండల్ని దగ్గరికి రానివ్వదు, అవి తగిలితే జరీ నల్లబడుతుంది.

చిన్న వస్తువుల్లోనే అసలు నేర్పు కనబడుతుంది. జాకెట్టు హుక్కులన్నీ పెట్టాకే మడుస్తుంది. ఒక్క హుక్కు తెరిచి ఉన్నా రైలు కుదుపుకి పక్కనున్న చీర పోగు లాగేస్తుంది. లంగా బొందు రెండు కొసలూ సమంగా లాగి ముడి వేస్తుంది, లేకపోతే ఒక కొస నేఫాలోకి జారిపోయి, పొద్దున్నే పరాయి ఇంట్లో పిన్నీసుతో దాన్ని వెతుక్కోవాలి. పిన్నీసులన్నీ ఒక గుడ్డ పట్టీకి వరసగా గుచ్చి ఉంటాయి, పెద్దవి ఒక చివర, చిన్నవి ఇంకో చివర. ఏ చీరకి ఏ జాకెట్టు అన్న వెతుకులాట రాకుండా జాకెట్టుని ఆ చీర ఆఖరి మడతలోనే పెడుతుంది. మామయ్య కూడా వెళ్తే రెండు చొక్కాలు చేరతాయి. పై బొత్తం, మధ్య బొత్తం, చివరి బొత్తం పెట్టి, బోర్లించి, చేతులు వెనక్కి మడిచి, కాలరు లోపల చుట్టిన బెల్టుని గుండ్రంగా పెడుతుంది. కాలరు నలగదు, బెల్టుకి వేరే చోటు అక్కర్లేదు. ఆయనకి ఎనిమిది మూరల పంచె ఒకటి తప్పనిసరి. 2014లో చెన్నైలో పంచె కట్టుకొచ్చిన హైకోర్టు న్యాయమూర్తిని ఒక క్లబ్బువాళ్ళు లోపలికి రానివ్వకపోతే, అదే ఏడాది తమిళనాడు శాసనసభ అలాంటి ఆంక్షలు చెల్లవని చట్టం చేసింది. అంచేత ఆ ఊళ్ళో పంచెకి చట్టం అండ కూడా ఉంది.

ఇక్కడ నాకు ఏనుగుల వీరాస్వామి గుర్తొస్తారు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా ఉన్న ఆయన 1830 మే 18న కాశీకి బయల్దేరి 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చారు. పల్లకీలు, బోయీలు, డేరాలు, వంటసామాను, వెంట పెద్ద పరివారం. దారిలో ఏది దొరుకుతుందో, ఏది మోసుకెళ్ళాలో ఊరూరా రాసుకుంటూ పోయిన ఆ పుస్తకం తెలుగులో ప్రయాణ సన్నాహానికి ఇప్పటికీ పెద్దబాలశిక్ష. ఆయనది పదిహేను నెలల లెక్క, అత్తయ్యది రెండు రాత్రుల లెక్క. అయినా ఇద్దరూ వేసుకున్న ప్రశ్న ఒకటే: అక్కడ దొరకనిది ఏమిటి?

విడి భాగాలన్నీ మంచం మీద సిద్ధమయ్యాక అవి సంచిలోకి దిగే వరస చూడాలి. ఆఖర్న వాడేది ముందు దిగుతుంది. అడుగున మూడోరోజు తిరుగు ప్రయాణపు మంగళగిరి, దాని మీద రెండోరోజు వెంకటగిరి. చుట్టిన లంగాలు పక్క సందులో నిలువుగా. పట్టుచీర మూట నూలు చీరల పైన, ఎందుకంటే దాని మీద బరువు పడకూడదు. ఆ పైన రాత్రి కట్టుకునే పాత చీర, అన్నిటికన్నా పైన తువ్వాలు. ఇంట్లో అడుగుపెట్టగానే కాళ్ళు కడుక్కుంటాం కాబట్టి మొదట కావలసింది అదే. మందులు, సబ్బు, దువ్వెన పక్క అరలో. మార్గశిరంలో అయితే పలచటి శాలువా ఒకటి చేరుతుంది. డిసెంబరు కచేరీలప్పుడు బయట ఉక్కగానే ఉన్నా, 1928లో మొదలైన మ్యూజిక్ అకాడమీ లాంటి చోట్ల ఏసీ హాల్లో మూడు గంటలు కూర్చోవాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు కాబట్టి గొడుగు సంచి బయటి పట్టీకి ఎక్కుతుంది, లోపలికి ఎప్పుడూ వెళ్ళదు. అన్నీ అయ్యాక జిప్పు ఒక్క వేలితో లాగుతుంది. సంచిని మోకాలితో అదమాల్సి వస్తే ఏదో ఒకటి ఎక్కువైనట్టు, అప్పుడు ఒకటి తీసేస్తుంది. చివరికి పిడి పట్టి ఎత్తి చూస్తుంది. ఒక పక్కకి ఒరిగితే విప్పి మళ్ళీ సర్దుతుంది.

తిండి పదార్థాలు ఈ సంచిలోకి రావు. గోంగూర పచ్చడి స్టీలు క్యారియరులో, నూనె పైకి తేలేలా అదిమి, గిన్నె మూత కింద అరిటాకు ముక్క వేసి, క్లిప్పు బిగించి, నిలువుగా చేతిసంచిలో పెడుతుంది. దాని పక్కన పూతరేకుల డబ్బా. బోర్లించిన కుండ మీద పలచటి బియ్యప్పిండి పాలు క్షణంలో పొరగా తేలిన రేకు అది, వేలు గట్టిగా తగిలితే పొడి. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ డబ్బాని తెనాలి నుంచి మాంబళం దాకా ఒళ్ళోనే పెట్టుకుంటుంది.

ఒంటి మీద బట్టలకీ ఒక ఆలోచన ఉంది. రైలుకి బాగా ఉతికి మెత్తబడిన ముదురు రంగు నూలు చీర, కుచ్చిళ్ళు ఒక వేలు పైకి. మెట్లెక్కేటప్పుడు, మెట్రోలోకి దిగేటప్పుడు కాలికింద పడదు. కాళ్ళకి ఒక్కటే జత, బకిల్ లేని చెప్పులు. చెన్నైలో ఇంటి ముందు, కపాలీశ్వరుడి గుడి ముందు, పార్థసారథి గుడి ముందు వాటిని విడుస్తూ తొడుగుతూ ఉండాలి కాబట్టి వంగి విప్పే చెప్పులు అక్కడ పనికిరావు.

సంచి పక్క అరలో నాలుగు మడతల పసుపుపచ్చ గుడ్డసంచి ఒకటి ఎప్పుడూ ఉంటుంది. తమిళనాడులో 2019 జనవరి 1 నుంచి ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ సంచులు నిషేధం. 2021 డిసెంబరులో ఆ ప్రభుత్వమే పాత మంజప్పైని, అంటే ఈ పసుపు సంచిని, మళ్ళీ వాడమని ప్రచారం మొదలుపెట్టింది. టి.నగర్ వెళ్ళి, పానగల్ పార్కు చుట్టూ తిరిగి, ఏమీ కొనకుండా రావడం జరగని పని. ఆ పార్కుకి పేరిచ్చిన పానగల్లు రాజా మన తెలుగువాడే. కొన్నవి గుడ్డసంచిలోకి వస్తాయి, కట్టి విడిచిన చీరలు లోపలి వైపు పైకి తిప్పి, చుట్టలుగా పక్క సందులోకి వెళ్తాయి. చుట్ట మడతకన్నా తక్కువ చోటు తింటుంది, విడిచిన చీరకి గీత పడినా నష్టం లేదు, ఎలాగూ ఉతకాలి. అందుకే తిరుగు ప్రయాణంలో కూడా జిప్పు ఒక్క వేలికే వస్తుంది.

మీ ఇంట్లోనూ ఇలా సర్దే చెయ్యి ఒకటి ఉండే ఉంటుంది. ఈసారి ఎవరైనా ఊరికి బయల్దేరుతుంటే, ముందురోజు సాయంత్రం ఆ చెయ్యి పక్కన కూర్చోండి. చీర రెండో కొస పట్టుకోవడానికి ఎలాగూ ఇంకొకరు కావాలి.